ఎంపిక కొరకు ఎదురుచూచే ఊరు

2025 ఏప్రిల్ 20వ తేదీన ఈస్టరు ఆరాధన ముగించుకొని, మరునాడు అర్ధరాత్రి దాటిన తరువాత మేము హైదరాబాదులో విమానమెక్కాము. మా బావమరిది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రములో గ్రీన్ బే అనే ఊరిలో ఒక ఆసుపత్రి కంప్యూటరు విభాగములో పని చేయుచున్నాడు. మూడేండ్లుగా రమ్మని పిలుస్తూ, చివరకు టికెట్లు కూడ అతడే పంపాడు. సంఘమును మా పెద్దలకు అప్పగించి, పిల్లలిద్దరిని మా అమ్మగారి దగ్గర ఉంచి, మూడు వారముల నిమిత్తము మేమిద్దరము బయలుదేరాము.

మంగళవారము మధ్యాహ్నము చికాగోలో దిగి ఫోను తెరిచేసరికి మా అమ్మాయి పంపిన వార్త మా కొరకు కాచుకొని యున్నది. మేము ఆకాశములో ఉండగా ఇంటర్మీడియెట్ ఫలితములు వచ్చాయి. మా చిన్నవాడు రెండవ సంవత్సరము గణితము రెండు పేపర్లలోను తప్పాడు.

చికాగో నుండి గ్రీన్ బేకు కారులో మూడున్నర గంటల ప్రయాణము. కుడిచేతి వైపు మిషిగన్ సరస్సు సముద్రమువలె ఉంటుందని, మిల్వాకీ పట్టణము దాటిన తరువాత పాడి పశువుల కొట్టములు బహు చక్కగా కనబడతాయని మా బావమరిది చెప్పుచున్నాడు. మేము వేటినీ సరిగా చూడలేదు. కారులో మా మాటలన్నీ మావాడిని గురించే. సప్లిమెంటరీకి ఏ కోచింగులో చేర్పించాలి? కాలేజీ మార్చాలా? ఇంజనీరింగు వదలి డిగ్రీలో వేయాలా? "బావగారూ, వాడికి లెక్కలు రావు, కంప్యూటర్లలో పెడదాం" అని అతడు. "అసలు హాస్టలులో వేయడమే మన తప్పు" అని మా శ్రీమతి. మాకు మాత్రము ఇంకొక బాధ కూడ లోపల ఉన్నది. దానిని దాచుకొనుట ఎందుకు? మా సంఘములో ప్రతి సంవత్సరము జూన్ నెలలో మార్కుల వరుసన పిల్లల పేర్లు చదివి బహుమతులిచ్చే ఆచారము పెట్టినది మేమే. ఈసారి అయ్యగారి అబ్బాయి పేరు ఆ వరుసలో ఉండదు. ఆ సంగతిని అందరికంటె ముందు తలంచినది మేమే.

గ్రీన్ బే జనాభా లక్షకు కొంచెము పైన మాత్రమే. మన ఖమ్మము కంటె చిన్న ఊరు. ఫాక్స్ నది వచ్చి సరస్సు పాయలో కలిసే చోట ఊరు కట్టుకొన్నారు. కాగితపు మిల్లులు, మాంసము నిలువచేసే ఫ్యాక్టరీలు, చుట్టూ పాడి పంట. చలికాలములో నది గడ్డకట్టి పోతుంది. ఇంత చిన్న ఊరి పేరు అమెరికా అంతటా తెలియుటకు కారణము ఒక్కటే, ప్యాకర్స్ అనే వారి ఫుట్‌బాల్ జట్టు. ఇది మనము కాళ్ళతో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగ్రుడ్డు ఆకారములో ఉన్న బంతిని చేతులతో పట్టుకొని, విసరి, పరుగెత్తే ఆట.

బుధవారము ఉదయము మా బావమరిది మమ్మును ఊరు చూపుటకు తీసుకొని వెళ్ళాడు. మొదట చూపినది లాంబో ఫీల్డ్ అనే స్టేడియము. 1957లో కట్టారు. ఇప్పుడు 81 వేల మందికి పైగా కూర్చొనగలరు. అనగా ఊరిలోని పసిపిల్లలను, మంచము పట్టినవారిని విడిచిపెడితే దాదాపు ఊరంతా అందులో పడుతుంది. సీజను టికెట్ల కొరకు పేరు వ్రాయించుకొని వేచియున్నవారు లక్షా నలభై వేలకు పైగా ఉన్నారట. బిడ్డ పుట్టగానే పేరు వ్రాయించే తలిదండ్రులున్నారని విని మా శ్రీమతి ఆశ్చర్యపోయింది. "మన వాళ్ళు కాన్వెంటు సీటుకు వ్రాయించినట్లే" అన్నది.

ఈ జట్టుకు ధనవంతుడైన యజమాని ఎవరును లేడు. 1919లో కర్లీ లాంబో అనే యువకుడు తాను పని చేసే ఇండియన్ ప్యాకింగ్ కంపెనీని అడిగి, జెర్సీల నిమిత్తము 500 డాలర్లు తెచ్చుకొని జట్టు ప్రారంభించాడు. మాంసము డబ్బాలకు ఎత్తే కంపెనీ గనుక జట్టుకు ప్యాకర్స్ అని పేరు వచ్చింది. ఆ 'ఇండియన్' మనము కాదులెండి. 1923లో డబ్బు చాలక ఊరివారికి వాటాలు అమ్మారు. ఇప్పుడు 5 లక్షల 30 వేల మందికి పైగా వాటాదారులున్నారు. ఆ వాటాకు లాభము పంచరు. దానిని ఇంకొకరికి అమ్ముకొనుటకు వీలులేదు. చట్రము కట్టించి గోడకు తగిలించుకొనుటయే దాని వలన కలిగే లాభము.

స్టేడియము ముందు లాంబో విగ్రహము, విన్స్ లొంబార్డీ విగ్రహము ఉన్నాయి. లొంబార్డీ 1959 నుండి 1967 వరకు ఈ జట్టుకు కోచ్. ఆట ఎంత ఒత్తిడిగా ఉన్నా ప్రతి ఉదయము ఊరి మధ్యనున్న సెయింట్ విల్లిబ్రోర్డ్ దేవాలయములో ప్రార్థనకు వెళ్ళేవాడట. మేము ఆ దేవాలయము కూడ చూచాము. 1967 డిసెంబరు 31న ఈ మైదానములోనే సున్నాకు దిగువన 25 డిగ్రీల సెల్సియస్ చలిలో డల్లాస్ జట్టుతో ఆడి, చివరి క్షణములలో 21-17తో నెగ్గారు. ఆ రోజు మెట్లమీద కూర్చొని చూచినవారు ఇప్పటికీ ఊరిలో ఉన్నారు. వారిలో ఒకరిని ఆ సాయంకాలమే మేము కలిశాము.

ఆయన మా బావమరిది పొరుగింటి పెద్దాయన. వయస్సు డెబ్బై ఆరు. కాగితపు మిల్లులో పని చేసి విరమించినవాడు. భార్య చనిపోయి నాలుగేండ్లయినది. ఆటలు జరిగే కాలము సెప్టెంబరులో మొదలై జనవరితో దాదాపు ముగుస్తుంది. ఆ సంవత్సరము జనవరి 12న ఫిలడెల్ఫియా చేతిలో 22-10తో ఓడినప్పటి నుండి వీరికి ఆట లేదు. మరల వేసవి చివర వరకు ఉండదు. ఈ ఖాళీ నెలలలో వారు ఏమి చేస్తారు? మాట్లాడుకొంటారు. పెద్దాయన తన కారు షెడ్డు తలుపు ఎత్తి, మడత కుర్చీలు వేసి, పొయ్యిమీద సాసేజీలు కాల్చుచుండగా ఇరుగు పొరుగువారు వచ్చి కూర్చొంటారు. ఆ సాయంత్రము స్కూలు బస్సు నడిపే ఒక సహోదరి, హైస్కూలులో పాఠము చెప్పే ఒక యువకుడు, మా బావమరిది, అతని పదునాలుగేండ్ల కొడుకు, మేమిద్దరము. చలికి మేము రెండేసి స్వెట్టర్లు వేసుకొన్నాము. వారు మాత్రము వసంతము వచ్చినదని సంతోషించుచున్నారు.

ఆ మరునాడు డ్రాఫ్టు. అదేమిటో మా మేనల్లుడు మాకు వివరించాడు. "మామయ్యా, ఐపీఎల్ వేలం ఉంటుంది కదా, అలాంటిదే. కానీ ఇక్కడ డబ్బులు పెట్టి కొనరు. వంతులు ఉంటాయి" అన్నాడు. కాలేజీలలో ఆడిన కుర్రవాళ్ళను 32 జట్లు వంతుల ప్రకారము ఎన్నుకొంటాయి. ముందటి సంవత్సరము అందరికంటె హీనముగా ఓడిన జట్టుకు మొదటి వంతు, నెగ్గిన జట్టుకు చివరి వంతు. బలహీనులు లేచి నిలబడవలెనని 1936లో పెట్టిన ఏర్పాటు ఇది. మొత్తము ఏడు విడతలు. ఆ సంవత్సరము 257 మందిని ఎన్నుకొనవలసి యున్నది. ఏ జట్టుకు పోవలెనో ఎన్నుకొనే హక్కు కుర్రవాడికి లేదు. పిలిచిన ఊరికి పోవలసినదే. ఆ 2025వ సంవత్సరములో ఈ కార్యక్రమము గ్రీన్ బేలోనే జరుగబోవుచున్నది. దానిని జరుపుకొన్న ఊళ్ళన్నిటిలో ఇదే చిన్నది.

వారి వాదమంతయు ఒక్క ప్రశ్నమీదనే. మొదటి విడతలో తమ వంతు 23వది. అప్పుడు రిసీవరును తీసుకోవాలా, వద్దా? క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి విసరగా పరుగెత్తి పోయి అందుకొనేవాడే రిసీవరు. 2002లో 20వ ఎంపికగా జావాన్ వాకర్ అనే అతనిని తీసుకొన్న తరువాత, ఇరువది రెండు డ్రాఫ్టులు గడిచినా ఈ జట్టు మొదటి విడతలో ఒక్క రిసీవరును కూడ తీసుకొనలేదు. ఊరంతటికి అది పాత పుండు వంటిది. 2020లో తప్పక తీసుకొంటారని అందరు కాచుకొనియుండగా, ఇంకొక క్వార్టర్‌బ్యాక్‌ను, జోర్డన్ లవ్ అనే కుర్రవానిని తీసుకొన్నారు. 2022లో తమ గొప్ప రిసీవరు డవాంటే ఆడమ్స్‌ను వేరే జట్టుకు పంపివేసి, మొదటి విడతలో చేతిలోనున్న రెండు వంతులను బంతి ఆపేవారికే ఖర్చు పెట్టారు.

"రిసీవరు అంటే ఒకడే కాదా? ఎవరైతే ఏమి?" అని మా శ్రీమతి అడిగింది. వెంటనే ముగ్గురు ఒకేసారి మాట్లాడారు. కబడ్డీలో కార్నరు ఆడేవాడు, కవర్ ఆడేవాడు, కూతకు పోయేవాడు వేరు వేరు గదా, ఇదీ అంతే. ఎక్స్ అని ఒక చోటు ఉన్నది. అక్కడివాడు గీతమీద, ఒక చివరన ఒంటరిగా నిలబడతాడు. ఎదుటివాడు మొగము మీదనే ఉంటాడు. వానిని తోసుకొని బయటపడుటకు బలము, పొడవు కావాలి. రెండవది జెడ్. గీతకు ఒక అడుగు వెనుక నిలుస్తాడు. ఆట మొదలు కాకముందే ప్రక్కకు కదలవచ్చును గనుక కొంత ఊపిరి దొరుకుతుంది. మూడవది స్లాట్. గుంపుకు దగ్గరగా, సందులో నిలిచి, చటుక్కున తిరుగవలసినవాడు. ఎక్స్‌లో నలిగిపోయినవాడు స్లాట్‌లో రాజు కావచ్చును.

టీచరు వాదము ఇది. "మనకు క్రిస్టియన్ వాట్సన్ మోకాలు జనవరిలో తెగింది. పొడుగువాడు, వేగము గలవాడు అతడొక్కడే. ఉన్న మిగతావాళ్ళందరు మంచివాళ్ళే. కానీ ఎదుటి జట్టు భయపడేవాడు లేడు." ఆయన మనస్సు టెక్సాస్ విశ్వవిద్యాలయపు మాథ్యూ గోల్డెన్ మీద ఉన్నది. ఆ కుర్రవాడు ఇండియానాపొలిస్‌లో జరిగిన పరీక్షలలో 40 గజములు, అనగా సుమారు 36న్నర మీటర్లు, 4.29 సెకండ్లలో పరుగెత్తాడు. ఆ పరీక్షలలో పరుగే కాదు, ఎంత ఎత్తు ఎగురుతాడు, అరచేయి ఎన్ని అంగుళములు, చేయి ఎంత పొడుగు, అన్నీ కొలిచి వ్రాస్తారట. ఈ షెడ్డులో కూర్చున్నవారికి ఆ కొలతలన్నీ నోటికి వచ్చును.

"అతడు ఆరడుగులు కూడ లేడు. ఎక్స్‌లో నిలబడితే నలిపేస్తారు" అన్నది బస్సు నడిపే సహోదరి. ఆమెకు రిసీవరే అక్కరలేదు, ఆపేవాడు కావాలి. "మన మంచి రిసీవర్లు మొదటి విడతలో ఎప్పుడు వచ్చారు? జోర్డీ నెల్సన్, కాబ్, ఆడమ్స్, అందరు రెండవ విడత. డోనాల్డ్ డ్రైవర్ సంగతేమిటి?" అన్నది. డ్రైవర్ పేరు వినగానే అందరు ఒక్క క్షణము ఊరకున్నారు. చిన్నతనములో ఇల్లు లేక అద్దె ట్రెయిలరులో నిద్రించిన పిల్లవాడు అతడు. 1999లో ఏడవ విడతలో 213వ వాడుగా పిలువబడి, ఈ జట్టు చరిత్రలో రిసీవరుగా అందరికంటె ఎక్కువ దూరము, 10,137 గజములు, సంపాదించినవాడు. మరి 1936లో అందరికంటె ముందు ఎన్నుకోబడిన జే బర్వాంగర్ ఈ లీగులో ఒక్క ఆట కూడ ఆడలేదు.

పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి అట్ట చిరిగిన ఒక నోటుపుస్తకము తెచ్చాడు. ప్రతి సంవత్సరము డ్రాఫ్టుకు ముందు ఆయన ఒక పేరు, ఆయన భార్య ఒక పేరు అందులో వ్రాసేవారట. జరిగినది ప్రక్కన వ్రాస్తారు. ఒక్కొక్క పుట త్రిప్పి చూపాడు. తప్పు, తప్పు, తప్పు. ఆయన మాకు దానిని ఎంతో మురిపెముగా చూపుచున్నాడు. 2020వ పుటలో ఆయన భార్య ఒక రిసీవరు పేరు వ్రాసి, తరువాత కోపముతో ఎంత గట్టిగా గీత కొట్టినదో, కాగితము చిరిగినది. గడచిన నాలుగు పుటలలో ఒక్క చేతి వ్రాతయే ఉన్నది.

"ఎప్పుడూ తప్పే అయితే ఎందుకు వ్రాస్తారు?" అని మేము అడిగాము.

"నేను ఎన్నుకొనేవాణ్ణి కాను గదా" అన్నాడాయన. "ఎన్నుకొనేవాళ్ళు ఆ గదిలో ఉన్నారు. నాకు కుర్చీలు వేయడానికి ఒక కారణం కావాలి. చలికాలం చాలా పొడుగు."

మేము ఇంకొక సంగతి గమనించాము. జట్టులోనికి వచ్చినవారి పేర్ల ప్రక్కన మొదట వ్రాసిన విడత, సంఖ్య, కొలతలు అన్నిటి మీద గీత కొట్టియున్నది. పేరు మాత్రమే మిగిలినది. అదేమని అడిగితే, "వచ్చేశాక ఇంక అవి ఎందుకు? మనవాడు అయిపోయాడు గదా" అన్నాడు.

తరువాత ఆయన మర్యాదకు మమ్మును అడిగాడు, మీకు పిల్లలెందరు, ఏమి చేయుచున్నారు అని. "ఇద్దరు. చదువుకుంటున్నారు" అని మేము చెప్పి ఊరకున్నాము. అయితే మా శ్రీమతి ఊరకుండలేక పోయింది. నిన్ననే ఫలితములు వచ్చినవని, చిన్నవాడు లెక్కలలో తప్పాడని తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పివేసింది. ఆ షెడ్డులో ఎవరును అయ్యో అనలేదు, సలహా చెప్పలేదు. పెద్దాయన పొయ్యి మీదిది త్రిప్పుచు, "వాడేమంటున్నాడు?" అని అడిగాడు.

మేమిద్దరము ఒకరి మొగమొకరు చూచుకొన్నాము. చికాగోలో దిగి ఇరువది నాలుగు గంటలు దాటినది. మా అమ్మగారితో మాట్లాడాము, మా అమ్మాయితో మాట్లాడాము, కాలేజీ వారితో మాట్లాడాము. రెండు కోచింగు సెంటర్ల ఫీజులు కనుగొన్నాము. వాడిని ఎక్కడ నిలబెట్టాలో ఎక్స్, జెడ్ అన్నట్లు ఎంతో వాదించుకొన్నాము. వాడితో మాత్రము మాట్లాడలేదు.

యెష్షయి ఇంటికి సమూయేలు వెళ్ళి, వరుసగా నిలిచిన కుమారులను చూచిన సంగతి మేము ఇరువది ఏండ్లలో ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. ఆ వరుసలో లేనివానిని ఎవరైనా పిలిచి రమ్మన్నారా అని అడుగుట అందులో ముఖ్యమైన మాట అని మేమే చెప్పేవారము.

గురువారము సాయంత్రము స్టేడియము వైపు నడిచి వెళ్ళాము. లొంబార్డీ అవెన్యూ పొడుగునా మనుష్యులే. 32 జట్ల రంగులు వేసుకొన్నవారు, నెత్తిమీద జున్నుముక్క ఆకారపు పసుపు టోపీలు పెట్టుకొన్నవారు, చంకన పిల్లలను ఎత్తుకొన్నవారు. ప్రవేశము ఉచితము, ముందుగా పేరు నమోదు చేసికొంటే చాలును. మూడు దినములకు కలిపి ఆరు లక్షల రాకపోకలు జరిగినవని తరువాత ప్రకటించారు. మన పెద్ద జాతరలవలె ఉన్నది గాని తొక్కిసలాట లేదు. ఇళ్ళవారు తమ ముంగిళ్ళలో కార్లు నిలుపనిచ్చి డబ్బు తీసికొనుచున్నారు. పిల్లలు నిమ్మరసము అమ్ముచున్నారు.

వేదికమీద ఒక్కొక్క జట్టుకు పది నిమిషముల గడువు. గడియారము వెనుకకు నడుస్తుంది. పేరు పిలిచినప్పుడెల్ల ఒక మూల కేక, ఇంకొక మూల మూలుగు. పెద్ద తెరలమీద ఆయా ఇళ్ళలో సోఫాలమీద కాచుకొనియున్న కుటుంబములను చూపించుచున్నారు. పిలువబడినవాని తల్లి మొదట చేతులతో మొగము కప్పుకొంటుంది. ఏ ఇంటిలో చూచినా అంతే. మా శ్రీమతి ఆటను గూర్చి ఏమియు తెలియకపోయినా ఆ తల్లులను చూచి కండ్లు తుడుచుకొన్నది.

23వ వంతు వచ్చింది. మా మేనల్లుడు మా చేయి పట్టుకొన్నాడు. ఆ వేసవిలో పదవీ విరమణ చేయబోవుచున్న ప్యాకర్స్ అధ్యక్షుడు మార్క్ మర్ఫీ వేదికమీదికి వచ్చాడు. 2002 తరువాత మొదటిసారి అనే మాట ఆయన నోట వచ్చేసరికే ఆ మీది మాటలు ఎవరికిని వినబడలేదు. మాథ్యూ గోల్డెన్, రిసీవరు, టెక్సాస్. చుట్టూ నేల అదిరినది. ఎవరో తెలియని ఒక లావుపాటి మనిషి మమ్మును కౌగలించుకొన్నాడు. మా బావమరిది, ఎన్నడును గట్టిగా మాట్లాడనివాడు, చిన్న పిల్లవానివలె గంతులు వేశాడు.

ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి. పొరుగింటి షెడ్డులో దీపము వెలుగుచున్నది. పెద్దాయన రేడియో ముందు కూర్చొని, నోటుపుస్తకము ఒడిలో పెట్టుకొనియున్నాడు. ఆయన వ్రాసిన పేరు గోల్డెన్ కాదు, ఇంకెవరో. "మళ్ళీ తప్పాను" అని నవ్వాడు. తరువాత మెల్లగా, "ఆవిడ ఉంటే చాలా గొడవ చేసేది, నేను చెప్పలేదా అని" అన్నాడు. 4.29 అనే అంకెను ఆయన అప్పటికే కొట్టివేశాడు.

మన దేశములో అప్పుడు ఉదయము పదకొండు గంటలు. మేము వంట గదిలో కూర్చొని మావాడికి ఫోను చేశాము. మొదట వాడు ఎత్తలేదు. రెండవసారి ఎత్తి, "సప్లిమెంటరీ ఫీజు కడతాను నాన్నా" అన్నాడు, మేము ఏమియు అనకముందే.

"అది కాదు నాన్నా. నీకేమయిందో చెప్పు. మేము వింటాము" అన్నాము.

చాలాసేపు ఏ శబ్దమును లేదు. ఫోను కట్టయినదేమో అనుకొన్నాము. తరువాత చెప్పాడు. "ఫస్టియరు నుంచే నాకు అర్థం కాలేదు నాన్నా. బట్టీ పట్టి గట్టెక్కాను. పోయిన జూన్‌లో మీకు చెబుదామనే ఇంటికి వచ్చాను. ఆ ఆదివారమే మీరు మార్కుల బహుమతులు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంక నేను చెప్పలేదు."

ప్రియ చదువరులారా, ఆ ఆదివారము మాకు బాగుగా జ్ఞాపకమున్నది. అతిథిగా ఒక అధికారిని పిలిచాము. మావాడు వెనుక వరుసలో కూర్చొని, కార్యక్రమము తరువాత కుర్చీలు సర్దాడు. వాడు నిశ్శబ్దముగా ఉన్నాడని, బుద్ధి వచ్చినదని మేము సంతోషించాము.

ఆ రాత్రి గంటన్నర మాట్లాడుకొన్నాము. అందులో చాలా భాగము వాడే మాట్లాడాడు. మళ్ళీ వ్రాస్తాను గాని ఇంజనీరింగు వద్దు అన్నాడు. సరే అని మేము వెంటనే అనలేక పోయాము. ఆ మాట అనుటకు మాకు ఇంకా రెండు వారములు పట్టినది.

శుక్ర, శనివారములలో మిగతా విడతలు జరిగినవి. పెద్ద పేరున్న క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్ మొదటి విడతలోనే పోతాడని ఎందరో నిపుణులు నెలల తరబడి చెప్పారు. అతడు అయిదవ విడత వరకు, 144వ వంతు వరకు కూర్చొనవలసి వచ్చినది. ఇరువది మూడేండ్ల కుర్రవాని కనిపెట్టుటను దేశమంతా తెరమీద చూచినది. షెడ్డులో దానిమీద కూడ గొప్ప వాదము జరిగినది. బస్సు నడిపే సహోదరి మాత్రము, "వాళ్ళమ్మ ఎలా ఉందో" అని ఒక్క మాట అన్నది. ప్యాకర్స్ మూడవ విడతలో 87వ వంతున శావియన్ విలియమ్స్ అనే ఇంకొక రిసీవరును కూడ తీసుకొన్నారు. ఇరవై రెండేండ్ల కరువు తరువాత ఒకే వారములో రెండు వానలు అని టీచరు అన్నాడు.

మేము తిరిగి వచ్చే ముందు మా మేనల్లుడు ఇంకొక ముచ్చట చెప్పాడు. వేసవిలో జట్టు సాధన మొదలైనప్పుడు ఊరి పిల్లలు తమ సైకిళ్ళు తెచ్చి స్టేడియము బయట నిలబడతారు. ఆటగాళ్ళు ఆ చిన్న సైకిళ్ళు ఎక్కి మైదానమునకు త్రొక్కుకొంటూ పోతారు. సైకిలు ఇచ్చిన పిల్లవాడు ఆటగాడి హెల్మెట్టు మోసికొని ప్రక్కన పరుగెత్తుతాడు. లొంబార్డీ కాలము నుండి ఇది ఆచారము. కోట్ల రూపాయల విలువ కట్టబడినవాడు, మోకాళ్ళు చెవులకు తగులుచుండగా ఒక ఆరవ తరగతి పిల్లవాని సైకిలు త్రొక్కుట చూడవలసిన దృశ్యమట. మేము ఏప్రిల్‌లో వెళ్ళితిమి గనుక చూడలేదు.

మావాడు మే నెలలో పరీక్షలు మరల వ్రాసి అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. తరువాత జిల్లా కేంద్రములోనే బీకాములో చేరాడు. హాస్టలు వద్దని ఇంటి నుండే బస్సులో వెళ్ళి వస్తున్నాడు. 2025 జూన్‌లో మా సంఘములో బహుమతుల దినమున పిల్లలందరి పేర్లు పిలిచాము. తప్పినవారిని కూడ పిలిచాము. మార్కులు చదువలేదు. ఇద్దరు ముగ్గురు తలిదండ్రులు నొచ్చుకొన్నారు. మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లల కష్టము ఏమి కావలెనని అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. పూర్తి జవాబు మాయొద్ద ఇంకను లేదు. వారి ఇండ్లకు వెళ్ళి ఆ పిల్లలను విడిగా మెచ్చుకొని వచ్చాము.

2025 ఆగస్టు చివరలో మా మేనల్లుడు ఫోను చేశాడు. ప్యాకర్స్ వారు డల్లాస్ జట్టు నుండి మైకా పార్సన్స్ అనే గొప్ప ఆటగానిని తెచ్చుకొనుటకు తమ 2026, 2027 సంవత్సరముల మొదటి విడత వంతులు రెండును ఇచ్చివేశారట. "మామయ్యా, ఇంక రెండేళ్ళు ఫస్టు రౌండు లేదు. తాతగారి నోటుబుక్కు ఎలా?" అన్నాడు.

"మరి ఆయనేమంటున్నాడు?" అని మేము అడిగాము.

"అడిగాను. రెండో రౌండు పేరు రాస్తాడట. అది ఇంకా కష్టం, ఇంకా ఎక్కువ కుర్చీలు కావాలి అన్నాడు."

ప్రక్కనే అన్నము తినుచున్న మావాడు ఫోను తీసికొని, ఆ ఆట నియమములేమిటో తనకు చెప్పమని మేనబావను అడిగాడు. ఇద్దరు చాలాసేపు మాట్లాడుకొన్నారు. ఎక్స్ అంటే ఏమిటో, స్లాట్ అంటే ఏమిటో మాకు అప్పటికే తెలియును గాని, మేము కల్పించుకొనలేదు.